అప్‌డేట్ తర్వాత సిస్టం దానంతట అదే లాగౌట్ అవుతుంటే ఎక్కడ వెతకాలి

ప్రతి నెలా రెండో మంగళవారం మైక్రోసాఫ్ట్ విండోస్ అప్‌డేట్లు వదులుతుంది. 2003 అక్టోబర్ నుంచి ఇదే పద్ధతి. అమెరికా పడమటి తీరంలో పొద్దున పది అంటే మనకి రాత్రి పదిన్నర, చలికాలంలో అయితే పదకొండున్నర, కాబట్టి హైదరాబాద్‌లో దాని ప్రభావం కనపడేది ఆ వారం బుధ, గురువారాల్లో. ఆ రెండ్రోజులు ఆఫీసుల్లో సిస్టమ్స్ చూసుకునేవాళ్లకి, సికింద్రాబాద్ సీటీసీలో రిపేర్ షాపులవాళ్లకి, చుట్టాల్లో కంప్యూటర్ బాగా తెలుసని పేరున్న ఆ ఒక్క కుర్రాడికి ఫోన్లు వస్తూనే ఉంటాయి, మాట మాత్రం ఒకటే: "అప్‌డేట్ అయిన కాడ్నుంచి గిట్లనే ఐతుంది అన్నా, పని చేస్కుంటుంటే మధ్యల అదే లాగౌట్ అయిపోతుంది."

దీనికి చుట్టుపక్కల దొరికే సలహాలు రెండే. ఫార్మాట్ కొట్టించెయ్, లేదంటే అప్‌డేట్లు మొత్తానికి ఆపెయ్. మొదటిదాంతో ఒక రోజంతా పోతుంది, బ్యాకప్ తీసుకోకపోతే పిల్లల ఫొటోలు, టాలీ డేటా కూడా పోతాయి, రెండోది అయితే రాత్రి తలుపు తీసిపెట్టి పడుకోవడంతో సమానం. ఈ రెండూ అక్కర్లేకుండానే తేలిపోయే కేసులు చాలా ఉంటాయి. ఎందుకంటే లాగౌట్ అనే ఒక్క మాట కింద జనం నాలుగు వేరువేరు సంగతులు చెప్తుంటారు: స్క్రీన్ లాక్ అవ్వడం, నిజంగానే సైన్ అవుట్ అవ్వడం, మెషీన్ రీస్టార్ట్ అవ్వడం, మెషీన్ బానే ఉండి లోపల బ్రౌజరో అవుట్‌లుకో మాత్రం మళ్లీ పాస్‌వర్డ్ అడగడం. నాలుగింటిలోనూ చివరికి కళ్లముందు ఉండేది పాస్‌వర్డ్ అడిగే స్క్రీనే, అందుకే అన్నీ ఒకేలా అనిపిస్తాయి, కానీ కారణాలు ఒకదానికొకటి సంబంధం లేనివి, మందులు కూడా అంతే.

ఏది ఏదో తేల్చడానికి రెండు నిమిషాలు చాలు. మళ్లీ లాగిన్ అయ్యాక ముందు చూడాల్సింది తెరిచిన ఫైళ్లు అలాగే ఉన్నాయా లేవా అని. ఉన్నాయంటే అది లాకో, స్లీపో, అంతకుమించి ఏం కాదు. లేవంటే టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కితే కింద అప్ టైమ్ అని ఒక అంకె కనిపిస్తుంది, మెషీన్ ఎంతసేపట్నుంచి నడుస్తోందో చెప్పే అంకె అది. అక్కడ పది నిమిషాలు అని ఉంటే పది నిమిషాల కింద రీస్టార్ట్ అయిందన్నమాట. మూడు రోజులు అని ఉండి ఫైళ్లు మాత్రం మూసుకుపోయి ఉంటే అది అసలైన సైన్ అవుట్. ఇక్కడ ఒక మెలిక ఉంది, విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది, అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేసినా ఈ అంకె సున్నాకి రాదు, రీస్టార్ట్ నొక్కితేనే వస్తుంది, కాబట్టి రోజూ రాత్రి షట్‌డౌన్ చేసే మెషీన్‌లో కూడా పన్నెండు రోజులు అని కనపడితే కంగారు పడక్కర్లేదు.

లాక్ సంగతే ముందు చూడాలి, ఎందుకంటే పాడైంది ఏమీ లేకుండానే మనిషిని పిచ్చెక్కించేది ఇదే. లాక్ ఎప్పుడూ ఒకే టైమ్ తర్వాత పడుతోందా అన్నది మొదటి ప్రశ్న. మౌస్ ముట్టుకోకుండా ఉంటే సరిగ్గా ఐదు నిమిషాలకో, పదిహేను నిమిషాలకో పడుతోందంటే అది ఎక్కడో పెట్టి ఉన్న సెట్టింగే, జబ్బు అంత క్రమశిక్షణగా రాదు. పవర్ సెట్టింగ్స్‌లో స్క్రీన్ టైమ్, స్క్రీన్ సేవర్‌లో తిరిగొచ్చాక లాగిన్ అడగమనే టిక్కు, ఈ రెండూ చూస్తే చాలావరకు దొరికిపోతుంది. దొరక్కపోతే సెట్టింగ్స్‌లో అకౌంట్స్ కింద వర్క్ ఆర్ స్కూల్ అనే చోట ఆఫీస్ అకౌంట్ తగిలించి ఉందేమో చూడాలి. మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల్లో పనిచేస్తూ సొంత లాప్‌టాప్‌లో టీమ్స్ వేసుకున్నవాళ్లకి ఇది బాగా తగులుతుంది. మొదటిసారి ఆఫీస్ మెయిల్‌తో లాగిన్ అయినప్పుడు ఈ డివైస్‌ని మా సంస్థ మేనేజ్ చేసుకోవచ్చు అని ఒక టిక్కు ముందే పెట్టి వస్తుంది, చదవకుండా ఓకే కొట్టేస్తాం, కంపెనీ సెటప్‌ని బట్టి ఆ తర్వాత వాళ్ల రూల్స్ ఇంటి మెషీన్‌కి కూడా వర్తిస్తాయి. అందులో ఇన్ని సెకన్లు ముట్టుకోకపోతే లాక్ చెయ్యి అనే రూల్ కూడా ఉంటుంది, 900 సెకన్లు అని రాస్తే పదిహేను నిమిషాలు. ఆ రూల్ అప్‌డేట్ వచ్చిన వారంలోనే దిగిందనుకోండి, పాపం అంతా అప్‌డేట్ నెత్తిన పడుతుంది.

ఒకే టైమ్ అని కాకుండా ఎప్పుడు పడితే అప్పుడు లాక్ అవుతుంటే ఫోన్ ఎక్కడుందో చూడాలి. ఇది వినడానికి వింతగా ఉంటుంది గానీ 2017లో విండోస్ 10లో డైనమిక్ లాక్ అని ఒకటి పెట్టారు, బ్లూటూత్‌తో కలిపిన ఫోన్ దూరం వెళ్లిపోతే మనిషి కూడా వెళ్లిపోయాడనుకుని నిమిషం అటుఇటుగా లాక్ చేసేస్తుంది. కూకట్‌పల్లిలో ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అనుకోండి, లాప్‌టాప్ ముందు గదిలో టేబుల్ మీద, ఫోన్ వంటింట్లో ఫ్రిజ్ పక్కన చార్జింగ్‌లో, మధ్యలో రెండు గోడలు, ఒక స్టీల్ బీరువా. సిగ్నల్ ఒక్కోసారి అందుతుంది, ఒక్కోసారి అందదు. మనిషి కుర్చీలోంచి లేవకపోయినా, టైపింగ్ ఆపి కాసేపు ఏదో చదువుకుంటూ కూర్చుంటే చాలు, లాక్ పడుతుంది. ఫోన్ తెచ్చి కీబోర్డ్ పక్కన పెట్టుకుని ఒక గంట చూస్తే తేలిపోతుంది, అవునంటే సైన్ ఇన్ ఆప్షన్స్‌లో ఆ టిక్కు తీసేస్తే సరి. కొత్త లాప్‌టాప్‌లు కొన్నింట్లో ఎదురుగా మనిషి ఉన్నాడా లేడా అని చూసే ప్రెజెన్స్ సెన్సర్ కూడా ఉంటుంది, దాని సెట్టింగ్స్ విండోస్ 11లో ప్రైవసీ కింద ఉంటాయి, మనిషి కాస్త పక్కకి జరిగితే వెళ్లిపోయాడనుకునే అవకాశం దానికీ ఉంది.

ఇంకొకటి మ్యాగ్నెట్. లాప్‌టాప్ మూత మూశామా లేదా అని మెషీన్‌కి తెలిసేది చాలా మోడల్స్‌లో ఒక చిన్న అయస్కాంతం ద్వారానే, మూతలో అయస్కాంతం, కింద దాన్ని పసిగట్టే సెన్సర్. అయస్కాంతం ఉన్న ఫ్లిప్ కవర్ ఫోన్‌ని కీబోర్డ్ పక్కన చెయ్యి ఆనించే చోట పెట్టినా, మ్యాగ్నెట్ పట్టీ ఉన్న స్మార్ట్ వాచ్ అక్కడ తగిలినా, ఒక లాప్‌టాప్ మీద ఇంకోటి పెట్టి వాడినా మూత పడిందనుకుని స్లీప్‌లోకి పోతుంది. అప్పుడు ఈవెంట్ వ్యూయర్‌లో, అంటే విండోస్ జరిగినవన్నీ టైమ్‌తో సహా రాసిపెట్టుకునే చిట్టాలో, కెర్నల్ పవర్ 42 అనో, కొత్త రకం స్టాండ్‌బై మెషీన్లలో 506 అనో నమోదవుతుంది, అది స్లీప్‌లోకి వెళ్లిన గుర్తు. అప్‌డేట్ రాకముందు కూడా ఇది అయ్యే ఉంటుంది, అప్పుడు ఎవరూ లెక్క పెట్టలేదంతే.

రీస్టార్ట్ కేసు వేరు, ఇక్కడ పని పోతుంది, సేవ్ చేయని ఎక్సెల్ పోతుంది, కాబట్టి ఓపిగ్గా చూడాలి. స్టార్ట్ మీద రైట్ క్లిక్ చేస్తే ఈవెంట్ వ్యూయర్ కనిపిస్తుంది, అందులో విండోస్ లాగ్స్, దాని కింద సిస్టం. వేల లైన్లు ఉంటాయి, ఎర్ర గుర్తులు బోలెడు, బాగున్న మెషీన్‌లో కూడా ఉంటాయి, వాటిని చూసి భయపడకూడదు. కావాల్సింది నాలుగు నంబర్లే. 1074 అంటే ఎవరో అడిగితేనే రీస్టార్టో షట్‌డౌనో అయింది, ఎవరు అడిగారో కూడా అందులోనే రాసి ఉంటుంది. 6008 అంటే అంతకుముందు ఆగిపోయింది అనుకోకుండా జరిగింది. 41 అంటే సరిగ్గా మూసుకోకుండానే మళ్లీ లేచింది. 7002, విన్‌లాగాన్ పేరు మీద, యూజర్ సైన్ అవుట్ అయ్యాడు అని. లాగౌట్ అయిన టైమ్ గుర్తుంటే ఆ నిమిషానికి వెళ్లి ఈ నాలుగింటిలో ఏది ఉందో చూస్తే సగం పని అయినట్టే, అందుకే బయటికి తోసిన ప్రతిసారీ గోడ గడియారం చూసి టైమ్ రాసుకోవాలి.

1074ని కాస్త దగ్గరగా చూద్దాం. తెరిస్తే ఒక పేరా ఉంటుంది, ఫలానా ప్రాసెస్, ఫలానా యూజర్ తరఫున, ఫలానా కారణంతో రీస్టార్ట్ మొదలుపెట్టింది అని. మోయూసో కోర్ వర్కర్ అనో, ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ అనో ఉంటే అది అప్‌డేట్ పనే, అనుమానం లేదు. స్టార్ట్ మెనూ పేరుతో ఉంటే ఎవరో చేత్తో నొక్కారు, ఇంట్లో పిల్లల్ని అడగాలి. డబ్ల్యూఎల్ఎంఎస్ అని ఉంటే మాత్రం కథ పూర్తిగా మారిపోతుంది. అది విండోస్ ట్రయల్ గడువు చూసే ప్రాసెస్. మైక్రోసాఫ్ట్ పరీక్షించి చూడ్డానికి ఇచ్చే ఎంటర్‌ప్రైజ్ ఎవాల్యుయేషన్ కాపీ 90 రోజులు, సర్వర్ అయితే 180 రోజులు నడుస్తుంది, గడువు దాటాక గంటకోసారి దానంతట అదే ఆగిపోతుంది. అమీర్‌పేటలో కోర్సులకి వచ్చిన పిల్లలు ప్రాక్టీస్ కోసం ఇలాంటి కాపీ వేసుకోవడం మామూలే, మూడు నెలల తర్వాత కోర్సు అయిపోయి ఇంటర్వ్యూలకి తిరుగుతున్న టైమ్‌లో మెషీన్ 11:20కి ఒకసారి, 12:20కి ఒకసారి, 1:20కి ఒకసారి పడిపోతుంటే అదే వారం వచ్చిన అప్‌డేట్‌ని తీసేసి, ర్యామ్ మార్చి, చివరికి ఎస్ఎస్‌డీ కూడా మార్చినా ఆగదు. గంట తేడా సరిగ్గా ఉందని ఎవరైనా ఒక్కసారి గమనిస్తే చాలు, ఆ తర్వాత చేయాల్సింది లైసెన్స్ ఉన్న కాపీ వేసుకోవడమే.

అప్‌డేట్ పనే అని తేలితే అప్పుడు యాక్టివ్ అవర్స్ చూడాలి. అప్‌డేట్ కోసం ఏ టైమ్‌లో రీస్టార్ట్ చేయొద్దో చెప్పే సెట్టింగ్ అది, గరిష్ఠంగా 18 గంటలు పెట్టుకోవచ్చు. పొద్దున 8 నుంచి సాయంత్రం 5 అని ఉన్న మెషీన్‌తో అమెరికా క్లయింట్‌కి నైట్ షిఫ్ట్ చేసేవాళ్ల సంగతి ఆలోచించండి. రాత్రి పదిన్నరకి అప్‌డేట్ వచ్చింది, ఒంటిగంటకి టీ తాగడానికి కిందకి వెళ్లారు, మెషీన్ లెక్కలో అది అందరూ పడుకునే టైమ్. తిరిగొచ్చేసరికి లాగిన్ స్క్రీన్. ఇన్ని లక్షల మంది రాత్రిపూట పనిచేసే ఊళ్లో ఈ ఒక్క సెట్టింగ్ గురించి జాయిన్ అయిన మొదటి రోజే చెప్పాలి, చెప్పరు. కంపెనీ లాప్‌టాప్‌లో అయితే గడువు పెట్టేది ఐటీ టీమ్, షిఫ్ట్ టైమింగ్ వాళ్లకి తెలియజేయడం తప్ప సొంతంగా మార్చుకునేది పెద్దగా ఏం ఉండదు.

41 గనక ఉంటే దానంతట అది ఏ కారణమూ చెప్పదు, వివరాల్లో బగ్‌చెక్ కోడ్ అనే అంకె చూడాలి. సున్నా కాకపోతే బ్లూ స్క్రీన్ వచ్చిందని, డ్రైవరో (హార్డ్‌వేర్‌ని విండోస్‌తో కలిపి నడిపించే సాఫ్ట్‌వేర్) ర్యామో అనుమానించాలని. సున్నా అయితే కరెంట్ పోవడమో, మెషీన్ బిగుసుకుపోవడమో, ఎవరో పవర్ బటన్ పట్టుకుని నొక్కడమో. డెస్క్‌టాప్ వాడేవాళ్లు ఎండాకాలం గాలివానలకి కరెంట్ ఒక్క క్షణం పోయి వచ్చినప్పుడు ఫ్యాన్ ఆగినట్టు కూడా తెలీదు, సిస్టం మాత్రం పడిపోతుంది. యూపీఎస్ ఉంది కదా అంటారు, దాని బ్యాటరీ ఎప్పుడు మార్చారో అడిగితే ఎవరికీ గుర్తుండదు.

ఇక అసలైన సైన్ అవుట్, అంటే మెషీన్ నడుస్తూనే ఉండి మన సెషన్ ఒక్కటే కూలిపోవడం. ఇంట్లో వాడే మామూలు విండోస్‌లో ఇది అరుదు. గ్రాఫిక్స్ డ్రైవర్ రెండు సెకన్లలో జవాబు ఇవ్వకపోతే విండోస్ దాన్ని ఆపి మళ్లీ మొదలుపెడుతుంది, స్క్రీన్ ఒక్కసారి నల్లబడి తిరిగొస్తుంది, ఈవెంట్ 4101 నమోదవుతుంది. పదేపదే అలా అయితే ఒక్కోసారి సెషన్ కూడా పోతుంది. విండోస్ అప్‌డేట్‌తో పాటు కొత్త డిస్‌ప్లే డ్రైవర్ కూడా దిగుతుంటుంది కాబట్టి ఇక్కడ అప్‌డేట్ మీద అనుమానం న్యాయమైనదే, డివైస్ మేనేజర్‌లో పాత డ్రైవర్‌కి వెనక్కి వెళ్లి చూడాలి.

చిన్న ఆఫీసుల్లో రిమోట్ డెస్క్‌టాప్ మీద, అంటే వేరేచోట ఉన్న మెషీన్‌లోకి నెట్‌వర్క్ ద్వారా లాగిన్ అయి, టాలీ వాడేచోట ఇంకో కారణం ఉంటుంది. ఒకే యూజర్ నేమ్ ఇద్దరికి ఇస్తే మామూలు విండోస్‌లో రెండోవాళ్లు లోపలికి రాగానే మొదటివాళ్లు బయటికి. సర్వర్ అయితే రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్స్ లేకుండా 120 రోజులు నడుస్తుంది, ఆ తర్వాత ఇబ్బందులు మొదలు, కొన్ని సెటప్‌లలో ఇంకో 60 నిమిషాల్లో సెషన్ తెగిపోతుంది అని మెసేజ్ కూడా చూపిస్తుంది. ఇంగ్లీష్‌లో వచ్చిన ఆ మెసేజ్‌ని అకౌంటెంట్ రోజుకి ఆరుసార్లు ఓకే కొట్టి మూసేస్తాడు, సర్వర్ చూసే మనిషికి మాత్రం అప్‌డేట్ తర్వాత లాగౌట్ అవుతోంది సార్ అని చెప్తాడు. మెసేజ్ ఫొటో తీసి పంపితే అయిపోయే పని.

లినక్స్‌లో మాత్రం నిజమైన లాగౌట్ ఎక్కువ కనపడుతుంది, దానికి స్పష్టమైన కారణం ఉంది. స్క్రీన్ మీద బొమ్మ వేయించే పద్ధతులు అక్కడ రెండు, పాతది ఎక్స్11, కొత్తది వేలాండ్. పాత ఎక్స్11 పద్ధతిలో గ్నోమ్ షెల్ (డెస్క్‌టాప్‌ని నడిపించే ప్రోగ్రామ్) కూలిపోయినా అది మాత్రమే మళ్లీ లేచేది, తెరిచిన కిటికీలు బతికే ఉండేవి. వేలాండ్‌లో గ్నోమ్ షెల్లే డిస్‌ప్లే సర్వర్ (కిటికీలన్నిటినీ స్క్రీన్ మీద చూపించేది) కూడా, అది పడితే సెషన్ మొత్తం పడుతుంది, నేరుగా లాగిన్ స్క్రీన్. లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటులో 21.04 వెర్షన్ నుంచి ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డ్ లేని మెషీన్లకి వేలాండ్ డిఫాల్ట్ అయింది, 25.10కి వచ్చేసరికి గ్నోమ్‌లో ఎక్స్11 సెషన్ తీసేశారు, కాబట్టి కొత్త వెర్షన్‌కి మారాక లాగౌట్లు మొదలైతే ముందు షెల్ ఎక్స్‌టెన్షన్లు (డెస్క్‌టాప్‌కి అదనంగా తగిలించుకున్నవి) అన్నీ ఆపి చూడాలి, పాత వెర్షన్ కోసం రాసినవి కొత్త షెల్‌ని పడగొడతాయి. ఎన్‌విడియా అయితే కొత్త కెర్నల్‌కి (లినక్స్ అసలు గుండె భాగానికి) డ్రైవర్ సరిగ్గా తయారైందో లేదో చూడాలి. పాస్‌వర్డ్ కొట్టగానే మళ్లీ లాగిన్ స్క్రీనే వస్తుంటే కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 నొక్కి టెర్మినల్‌లోకి వెళ్లి డిస్క్ నిండిందేమో చూడటం మొదటి పని, నూటికి నూరు శాతం నిండిన డిస్క్ మీద సెషన్ మొదలే కాదు. మ్యాక్‌లో కూడా ఇలాంటిదే, విండోసర్వర్ అనే ప్రాసెస్ పడితే లాగిన్ స్క్రీన్‌కి తోసేస్తుంది, కన్సోల్ యాప్‌లో క్రాష్ రిపోర్ట్‌లో దాని పేరు కనపడుతుంది. అంతకన్నా ముందు ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో అడ్వాన్స్‌డ్ కింద, ఇంతసేపు వాడకపోతే లాగౌట్ చెయ్యి అనే టిక్కు ఉందేమో చూసుకోవాలి.

మెషీన్ బానే ఉండి బ్రౌజర్ మాత్రం అన్ని సైట్లలోంచి బయటికి తోసేస్తుంటే అది వేరే దారి. బ్యాంకు సైట్లు కొద్ది నిమిషాలకే బయటికి పంపేస్తాయి, అది భద్రత కోసం వాళ్లు పెట్టుకున్నది. అన్ని సైట్లూ ఒకేసారి మర్చిపోతుంటే కుకీలు (మనం లాగిన్ అయ్యామని సైట్ గుర్తుపెట్టుకునే చిన్న ఫైళ్లు) చెరిపేసే క్లీనర్ యాప్ ఏదైనా ఉందేమో, గడియారం తేదీ సరిగ్గా ఉందో చూడాలి, పాత డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డ్ మీది రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్లు వెనక్కి వెళ్లి సర్టిఫికెట్లన్నీ తప్పు అంటాయి. అప్‌డేట్‌దే తప్పయిన సందర్భం కూడా ఉంది: 2020లో విండోస్ 10 వెర్షన్ 2004 తర్వాత క్రోమ్, అవుట్‌లుక్, వన్‌డ్రైవ్ రీస్టార్ట్ అయినప్పుడల్లా పాస్‌వర్డ్‌లు మర్చిపోయేవి, టాస్క్ షెడ్యూలర్‌లోని ఒక రకం టాస్క్‌లు దానికి కారణమని తేలి, ఆ తర్వాత సరిచేశారు. కారణం దొరికేదాకా జనం క్రోమ్‌ని ఎన్నిసార్లు తీసి వేసుకున్నా లాభం లేకపోయింది.

భయపెట్టేది ఇంకొకటుంది. లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయ్యేసరికి డెస్క్‌టాప్ ఖాళీ, వాల్‌పేపర్ మారిపోయింది, ఫైళ్లు లేవు. 2020 ఫిబ్రవరి అప్‌డేట్ తర్వాత కొంతమందికి ఇలాగే అయింది. ఇది టెంపరరీ ప్రొఫైల్, ఈవెంట్ 1511, అసలు ప్రొఫైల్ తెరుచుకోక విండోస్ తాత్కాలికంగా ఒకటి ఇచ్చింది. ఫైళ్లు సీ డ్రైవ్‌లో యూజర్స్ ఫోల్డర్‌లోనే ఉంటాయి, వెళ్లి చూసుకోవచ్చు. ఆ ఖాళీ డెస్క్‌టాప్ మీద కొత్తగా ఏమీ సేవ్ చేయకూడదు, సైన్ అవుట్ అవ్వగానే అది మొత్తం చెరిగిపోతుంది. ముందు ఒకటి రెండుసార్లు రీస్టార్ట్ చేసి చూడాలి. ఈ స్థితిలో ఫార్మాట్ కొట్టడం అంటే ఇంట్లో భద్రంగా ఉన్న వస్తువుని చేత్తో బయట పారేయడమే.

అన్నీ చూశాక అప్‌డేట్‌దే తప్పని తేలిందనుకుందాం. అప్‌డేట్ హిస్టరీలోకి వెళ్లి ఆ ఒక్కదాన్ని తీసేయొచ్చు, పెద్ద వెర్షన్ మారి ఉంటే పది రోజుల్లోపు వెనక్కి వెళ్లొచ్చు, ఐదు వారాల దాకా పాజ్ పెట్టుకోవచ్చు. సెక్యూరిటీకి సంబంధం లేని మార్పు అయితే మైక్రోసాఫ్టే దాన్ని వెనక్కి తీసుకునే ఏర్పాటు ఉంది, ఇంటి మెషీన్లకి అది చేరడానికి 24 గంటల దాకా పడుతుంది, కాబట్టి ఒక రోజు ఆగి రీస్టార్ట్ చేసి చూడటం కూడా వైద్యమే. శాశ్వతంగా ఆపేయడం మాత్రం వద్దు. ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ 2017 మే 12న బయటపడింది, దాన్ని అడ్డుకునే అప్‌డేట్ మార్చి 14నే వచ్చేసింది, మధ్యలో రెండు నెలలు టైమ్ ఉంది. వేసుకోని మెషీన్లు ప్రపంచమంతా తాళం పడ్డాయి, ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు ఆఫీసుల కంప్యూటర్లు కూడా అందులో ఉన్నాయి.

అప్పటికీ తేలక షాపుకి తీసుకెళ్లాల్సి వస్తే, డేటా ముందు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసుకుని, ఒక చీటీ మీద లాగౌట్ అయిన టైమ్‌లు, తిరిగొచ్చాక ఫైళ్లు తెరిచి ఉన్నాయో లేదో, అప్పటి అప్ టైమ్ ఎంతో, ఆ నిమిషానికి లాగ్‌లో కనపడిన నంబర్ ఏదో రాసి లాప్‌టాప్‌తో పాటే ఇవ్వండి, ఫార్మాట్ అనే మాట వస్తే ముందు ఆ చీటీ చూడమనండి.